పార్కిన్సన్స్ ఉన్నవారు బండి నడపడం: ఏది, ఎప్పుడు, ఎంతవరకు

పార్కిన్సన్స్ అని తేలాక ఇంట్లో మొదలయ్యే తొలి గొడవ చాలాసార్లు బండి తాళాల దగ్గరే. చెయ్యి అలా వణుకుతుంటే స్టీరింగ్ ఎలా పట్టుకుంటారని పిల్లల భయం. మాత్ర వేసుకుంటే వణుకు ఆగిపోతోంది కదా, ఇంకేం ఇబ్బంది అని పెద్దాయన ధీమా. ఇద్దరూ వణుకునే కొలబద్దగా పెట్టుకున్నారు. అక్కడే లెక్క తప్పుతోంది.

ఈ జబ్బులో కనిపించేది ప్రధానంగా విశ్రాంతి వణుకు. చెయ్యి ఒళ్ళో ఊరికే ఉన్నప్పుడు సెకనుకు 4 నుంచి 6 సార్లు ఆడుతుంది. అదే చెయ్యి మంచినీళ్ళ గ్లాసు అందుకోబోతే చాలామందిలో తగ్గిపోతుంది. కాబట్టి వణుకు బాగా కనిపించే మనిషి కారు కుదురుగా నడపవచ్చు, వణుకే లేని మనిషి ప్రమాదకరంగా నడపవచ్చు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీన్ని వణుకుడు పక్షవాతంగా వర్ణించాడు. మన దగ్గరా వణుకుడు రోగం, కంపవాతం అన్న పేర్లే నిలిచాయి. పేరులోనే వణుకు ఉండటంతో అందరి దృష్టీ దాని మీదే పడుతోంది. రోడ్డు మీద ప్రాణం మీదికి తెచ్చేవి వేరే ఉన్నాయి: కదలిక మొదలవడంలో ఆలస్యం, మసక తేడాలను పట్టలేని చూపు, రెండు పనులు ఒకేసారి పడితే చెదిరే ధ్యాస, మందు దిగిపోయే వేళ, చెప్పకుండా కమ్మే నిద్ర. వీటిలో ఒక్కటీ ఎదుటివారికి కంటికి కనిపించదు.

అర సెకను అంటే మూడు ఆటోల దూరం

మెదడు లోపల డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా తగ్గిపోవడం ఈ జబ్బుకు మూలం. డోపమైన్ మీద ఆధారపడే భాగాల పని, చేయగా చేయగా అలవాటైన వాటిని తలచుకోకుండానే జరిపించడం. ఇరవై ఏళ్ళుగా కారు నడిపినవారు బ్రేకు తొక్కాలని అనుకోరు, కాలు దానంతట అదే వెళ్తుంది. పార్కిన్సన్స్‌లో ఆ సహజత్వం పలచబడుతుంది. ప్రతి పనికీ మనసు పెట్టాల్సి వస్తుంది. ఖాళీ రోడ్డు మీద అది పెద్ద భారంగా అనిపించదు. కూడలిలో ఆటో అడ్డం వచ్చి, వెనక బస్సు హారన్ కొట్టి, పక్క నుంచి స్కూటర్ దూరినప్పుడు మనసు పెట్టాల్సినవి ఎక్కువైపోతాయి.

కాలు యాక్సిలరేటర్ మీంచి బ్రేకు మీదికి వెళ్ళడాన్నే చూడండి. ఎత్తాలి, పక్కకు జరపాలి, బలంగా నొక్కాలి. ఈ జబ్బు మూడింటినీ దెబ్బతీస్తుంది. ఎత్తడం ఆలస్యంగా మొదలవుతుంది. ఎత్తిన ఎత్తు చాలక బూటు అంచు పెడల్‌కు తగులుకోవచ్చు. నొక్కే బలం ఒక్కసారిగా రాకుండా మెల్లగా పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 16.7 మీటర్లు దాటుతుంది. అర సెకను ఆలస్యమైతే 8 మీటర్లకు పైగా అదనం, అంటే మూడు ఆటోలను వరసగా నిలిపినంత దూరం. 80లో అది 11 మీటర్లు, 100లో దాదాపు 14.

జబ్బు సాధారణంగా ఒక పక్కన మొదలవుతుంది. ఏ పక్కన అన్నది నడిపేవారికి పెద్ద విషయం. ఎడమ పక్కన మొదలైతే క్లచ్ అడుగంటా నొక్కలేక గేర్లు గీరుకుంటాయి, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది. ఆటోమేటిక్ కారుకు మారితే ఈ ఇబ్బంది దాదాపు తీరిపోతుంది. కుడి పక్కన మొదలైతే ఆటోమేటిక్ చేసే మేలు తక్కువ, ఎందుకంటే బ్రేకూ యాక్సిలరేటరూ కుడికాలి పనే. పైగా చాలా ఆటోమేటిక్ కార్లు బ్రేకు వదిలితే వాటంతట అవే ముందుకు పాకుతాయి. సిగ్నల్ దగ్గర నిమిషం పైగా నొక్కి పట్టిన కాలి పట్టు తెలియకుండానే సడలితే ముందున్న బండికి తగులుతుంది. ఆగిన ప్రతిసారీ న్యూట్రల్‌లో వేసి హ్యాండ్ బ్రేక్ పెట్టుకోవడం దీనికి సులువైన ఉపాయం. తెల్లవారుజామున, రాత్రి మందు ప్రభావం పోయిన వేళ, కొందరికి కాలివేళ్ళు ముడుచుకుపోయి పాదం లోపలికి తిరిగిపోతుంది. అది కుడి పాదమైతే ఉదయం తొలి మోతాదు పట్టేవరకు కారు ఎక్కకూడదు.

మెడ బిగుసుకుపోవడం గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. భుజం మీదుగా తిరిగి చూడలేని మనిషి మెయిన్ రోడ్డులో కలిసేటప్పుడూ, వెనక్కి తీసేటప్పుడూ సగం గుడ్డిగా నడుపుతున్నట్టే. పెద్ద అద్దాలు, రివర్స్ కెమెరా కొంత పూడుస్తాయి. పూర్తిగా పూడ్చవు.

6/6 చూపు చాలదు

కంటి డాక్టర్ గోడకు తగిలించే చార్టులో తెల్లటి తెలుపు మీద నల్లటి నలుపు అక్షరాలుంటాయి. పార్కిన్సన్స్‌లో దెబ్బతినేది ఎక్కువగా ఆ చూపు కాదు, దగ్గర దగ్గర ఛాయలను విడదీసి చూసే శక్తి. కంటి రెటీనాలో కూడా డోపమైన్‌తో పనిచేసే కణాలుంటాయి. దీన్ని కొలవడానికి 1988 నుంచి పెల్లీ రాబ్సన్ చార్టు ఉంది. అందులో అక్షరాలన్నీ ఒకే పరిమాణంలో ఉండి, కిందికి పోయేకొద్దీ నలుపు తగ్గి బూడిదరంగై తెలుపులో కలిసిపోతాయి. గోడ చార్టులో 6/6, అంటే మామూలు చూపు వచ్చినవారు ఇక్కడ సగంలోనే ఆగిపోవచ్చు.

మన రోడ్ల మీద ఈ లోపం ఖరీదు ఎక్కువ. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ, చీకట్లో నడుస్తున్న గేదెల మంద, రంగు వెలిసిన స్పీడ్ బ్రేకర్, తారు రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ పెట్టిన రాళ్ళు, అన్నీ ఛాయల తేడా తక్కువగా ఉన్న వస్తువులే. ఎదుటి హెడ్‌లైట్ కళ్ళలో కొడితే ఉన్న కాస్త తేడా కూడా చెరిగిపోతుంది. అందువల్ల రాత్రి డ్రైవింగ్‌ను మిగతా లక్షణాలు ఎలా ఉన్నా ముందుగా వదులుకోవాలి. మసక వెలుగు, వాన, పొగమంచు కూడా రాత్రి కిందే లెక్క.

చూపుకు తోడు ధ్యాస. అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు పార్కిన్సన్స్ ఉన్న డ్రైవర్లను, లేనివారిని పరికరాలు అమర్చిన కారులో 35 మైళ్ళు నడిపించి తప్పులు లెక్కపెట్టారు. 2009లో వెలువడిన ఆ ఫలితాల్లో జబ్బు ఉన్నవారు సగటున దాదాపు 42 తప్పులు చేస్తే, లేనివారు 33 చేశారు. రెండు వర్గాల్లోనూ ఎక్కువగా జరిగింది లేన్ తప్పడమే. జబ్బు ఉన్నవారిలో ఎవరు ఎక్కువ తప్పులు చేస్తారో చెప్పడంలో చూపు, ధ్యాస, స్థలజ్ఞానం పరీక్షలు బాగా పనికొచ్చాయి. ఆ జాబితాలో వణుక్కు చోటు లేకపోవడం గమనించాలి.

ఇంకో సూక్ష్మం ఉంది. తెలిసిన దారే కదా, ముందు మలుపుందని తెలుసు కదా అనుకుంటాం. మామూలు డ్రైవరు ఆ జ్ఞాపకం ఆధారంగానే ముందుగా వేగం తగ్గిస్తాడు. ఈ జబ్బులో లోపలి జ్ఞాపకం కాలిని కదిలించడం మందగిస్తుంది, కళ్ళెదుట బోర్డు కనిపిస్తేనో, ఎర్రలైటు వెలిగితేనో కదలిక వస్తుంది. బోర్డులు లేని మలుపులు, గీతలు లేని కూడళ్ళు ఎక్కువగా ఉన్న చోట ఇది పెద్ద లోటు. పక్కన కూర్చున్నవారు "ముందు మలుపు" అని రెండు మాటలు చెప్పడం మేలు చేస్తుంది. అదే మనిషి పెళ్ళి సంబంధాల కబుర్లు మొదలుపెడితే కీడు చేస్తుంది. స్పీకర్‌లో పెట్టిన ఫోన్‌కూ ఇదే మాట, చేతులు ఖాళీగా ఉన్నా మెదడు ఖాళీగా ఉండదు.

మాత్రను బట్టి గడియారం

ఈ జబ్బుకు ప్రధానమైన మందు లెవోడోపా, మెదడులో అదే డోపమైన్‌గా మారుతుంది. ఆ మాత్ర వేసుకున్నాక ప్రభావం కనిపించడానికి సాధారణంగా అరగంట నుంచి గంట. రక్తంలో అది గంటన్నరకే సగానికి పడిపోతుంది. జబ్బు తొలి ఏళ్ళలో మెదడు కొంత నిల్వ ఉంచుకుంటుంది కాబట్టి రోజంతా ఒకేలా గడుస్తుంది. కొన్నేళ్ళ తర్వాత నిల్వ సామర్థ్యం తగ్గి, మందు ఎక్కడం దిగడం మనిషికి తెలుస్తుంది. అప్పటి నుంచి 'నడపగలరా' అన్న ప్రశ్నకు అర్థం లేదు, 'ఏ వేళ నడపగలరు' అని అడగాలి.

దానికి మూడు రోజుల చిట్టా చాలు. లేచినప్పటి నుంచి పడుకునేదాకా ప్రతి అరగంటకూ ఒక గడి గీసి, మందు పట్టింది, దిగింది, ఒళ్ళు అదనంగా ఊగుతోంది, నిద్ర ముంచుకొస్తోంది అని నాలుగింటిలో ఒకటి రాయాలి. మాత్ర, భోజనం వేళలు పక్కన వేయాలి. ఉదాహరణకు 8 గంటలకు మాత్ర వేస్తే 8:45కు పట్టి, 11:15కు దిగుతోందని మూడు రోజులూ తేలిందనుకుందాం. నడపడానికి వేళ 9 నుంచి 10:15 వరకే. చివరి గంట వదిలేయాలి, ఎందుకంటే నలభై నిమిషాల ప్రయాణం ట్రాఫిక్‌లో ఎంతకు సాగుతుందో ఎవరికీ తెలియదు. చిట్టాలో మూడు రోజులు మూడు రకాలుగా ఉంటే, అంటే మందు ఎప్పుడు దిగుతుందో ముందుగా చెప్పలేని పరిస్థితి వస్తే, నడపడానికి సురక్షితమైన వేళ అంటూ ఉండదు. ఊగుడు ఎక్కువై స్టీరింగ్ మీద చెయ్యి కుదరని వేళ కూడా దిగిపోయిన వేళతో సమానమే.

మాత్ర పట్టకపోవడానికి కారణం చాలాసార్లు పళ్ళెంలో ఉంటుంది. మాంసకృత్తుల నుంచి వచ్చే అమినో ఆమ్లాలూ లెవోడోపా కూడా పేగు గోడనూ, మెదడు గడపనూ ఒకే వాహకం మీద దాటుతాయి. పెసరట్టు, రెండు కోడిగుడ్లు తిని వెంటనే మాత్ర వేసుకుంటే పోటీలో మాత్ర వెనకబడుతుంది. తినడానికి అరగంట ముందు వేసుకోవడం మేలు. బయల్దేరాల్సిన రోజు ఇది మరీ ముఖ్యం. దూలగొండి గింజల్లో సహజంగా లెవోడోపా ఉంటుందని చాలామంది పొడి తీసుకుంటున్నారు. ఆ మాట నిజమే, కానీ చెంచాడు పొడిలో ఎంత ఉందో ప్యాకెట్టు ప్యాకెట్టుకూ మారిపోతుంది. డాక్టర్ ఇచ్చిన మోతాదు మీద దాన్ని కలిపితే చిట్టా లెక్క తలకిందులవుతుంది.

నిద్ర సంగతి విడిగా చెప్పుకోవాలి. డోపమైన్‌లా పనిచేసే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ మందులు వాడుతున్న 8 మంది కారు నడుపుతూ నిద్రలోకి జారి ప్రమాదాలకు గురైన ఉదంతాలు 1999లో ఒక వైద్య పత్రికలో వచ్చాక డాక్టర్లు ఈ విషయం పట్టించుకోవడం మొదలైంది. 2002లో వెలువడిన కెనడా అధ్యయనంలో ఇంకా డ్రైవింగ్ చేస్తున్న 420 మంది రోగుల్లో 16 మంది స్టీరింగ్ ముందు హఠాత్తుగా నిద్రపోయినట్టు తేలింది. ముగ్గురికి ముందస్తు సూచన ఏదీ లేదు. ఆవలింతలు వస్తే పక్కకు ఆపుతానులే అన్న నమ్మకం అందుకే చాలదు. పగటి నిద్రమత్తును కొలిచే ఎప్‌వర్త్ ప్రశ్నావళిలో 8 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 24. అందులో చివరి ప్రశ్నే ట్రాఫిక్‌లో కారు ఆగిన కొద్ది నిమిషాల్లో కునుకు పడుతుందా అని. మామూలుగా 10 దాటితే అతినిద్ర అంటారు. ఆ కెనడా అధ్యయనంలో మాత్రం 7 దగ్గర గీత పెడితేనే స్టీరింగ్ ముందు నిద్రపోయినవారిలో ప్రతి నలుగురికి ముగ్గురు దొరికారు. పార్కిన్సన్స్ ఉన్నవారికి 7నే హెచ్చరికగా తీసుకోవడం మంచిది. ఈ మందులు కొత్తగా మొదలుపెట్టినా, మోతాదు పెంచినా ఒంటికి సర్దుకునేదాకా బండి ముట్టుకోకూడదు. ఒక్కసారి హఠాత్తుగా నిద్ర కమ్మినా డ్రైవింగ్ అక్కడితో ఆపి డాక్టర్‌కు చెప్పాలి. మందు మార్చితే చాలామందిలో ఇది తగ్గుతుంది కాబట్టి దాచాల్సిన అవసరం లేదు. వణుకు కోసం ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ వృద్ధుల్లో మతిమరుపు, తికమక తేవచ్చు. కంటిపాపను విప్పార్చి ఎదుటి లైట్ల జిగేలును కూడా పెంచుతుంది.

స్కూటర్ కారు కంటే ముందే ఆగాలి

పాశ్చాత్య దేశాల పరిశోధన ఎక్కువగా కార్ల మీదే. మన ఊళ్ళలో అరవై దాటిన మనిషి పాల ప్యాకెట్టుకైనా బ్యాంకుకైనా తీసేది స్కూటర్. కారులో తప్పు జరిగితే చుట్టూ ఇనుప డబ్బా ఉంటుంది. స్కూటర్ మీద మనిషి నిలకడే బండి నిలకడ. పార్కిన్సన్స్ లాగేసుకునేది సరిగ్గా ఆ నిలకడనే.

వేగంగా పోతున్న బండి దానంతట అది నిలబడుతుంది. కష్టం నెమ్మదిగా పోయేటప్పుడు, ఆగేటప్పుడు, మళ్ళీ కదిలేటప్పుడు. నూరు కిలోలు దాటిన బండి ఒక పక్కకు ఒరగబోతుంటే ఆ పక్క కాలు వెంటనే నేలకు ఆనాలి. కాలు అర సెకను ఆలస్యమైతే ఒరిగిన బరువును ఆపడం ఎవరి వల్లా కాదు. కుడిచేతిలోనే యాక్సిలరేటర్, ముందు బ్రేకు రెండూ ఉంటాయి. చెయ్యి చాపి కదలకుండా పట్టుకున్న కొన్ని సెకన్లకు విశ్రాంతి వణుకు మళ్ళీ తలెత్తే లక్షణం చాలామందిలో ఉంటుంది. యాక్సిలరేటర్ పట్టుకునే భంగిమ అదే. గేర్లు లేని స్కూటర్ ఎడమకాలికీ ఎడమచేతికీ సుఖమే, పిడి కాస్త తిరిగితే ముందుకు దూకడమూ దాని గుణమే. పక్క చక్రాలు బిగిస్తే ఒరిగిపోవడం ఆగుతుంది, ఆలస్యం ఆగదు.

నిలకడ చూడటానికి న్యూరాలజిస్టు (నరాల డాక్టర్) వెనక నిలబడి భుజాలు పట్టి ఒక్కసారి వెనక్కి లాగి చూస్తారు. ఒకటి రెండు అడుగుల్లో నిలదొక్కుకుంటే సరే. మూడు నాలుగు అడుగులు వెనక్కి పోయినా, పట్టుకోకపోతే పడేలా ఉన్నా ద్విచక్ర వాహనం ఆ రోజుతో ముగించాలి. ఇంట్లో ఒక్కసారి కారణం లేకుండా పడినా అదే తీర్పు. కారుకు ఇంకా రెండు మూడేళ్ళు ఉండవచ్చు, స్కూటర్‌కు లేదు.

సైకిల్ బాగానే తొక్కుతున్నారు కదా అన్న వాదన ఒకటి వస్తుంది. నెదర్లాండ్స్‌లో అడుగు ముందుకు వేయలేక నేలకు అతుక్కుపోయే ఒక రోగి సైకిల్ ఎక్కితే సాఫీగా తొక్కుకుపోయిన వీడియోను 2010లో వైద్యులు ప్రచురించారు. తిరిగే పెడల్ కాలికి లయ అందించినట్టు పనిచేస్తుందని ఒక వివరణ. అడ్డం వచ్చిన కుక్కను తప్పించడానికి ఆ లయ పనికిరాదు. పైగా ఆ రోగి సైకిల్ దిగగానే మళ్ళీ అడుగు పడక ఆగిపోయాడు.

ఎవరు చెప్పాలి, కాగితం మీద ఏముంది

తను ఎలా నడుపుతున్నాడో చెప్పడానికి రోగి సరైన సాక్షి కాదు. 1998 నాటి ఫిన్లండ్ అధ్యయనంలో రోగులతో పాటు వారిని చూసే న్యూరాలజిస్టులు కూడా డ్రైవింగ్ సామర్థ్యాన్ని ఎక్కువగా అంచనా వేశారు. క్లినిక్‌లో మనిషి మందు పట్టిన వేళ కూర్చుని మాట్లాడతాడు కాబట్టి డాక్టర్‌ను తప్పుపట్టలేం. కొలవాలి. కాగితం మీద చెదురుమదురుగా ఉన్న అంకెలను, అక్షరాలను 1, ఎ, 2, బి అంటూ మార్చి మార్చి కలిపే ట్రెయిల్ మేకింగ్ పరీక్షలో 3 నిమిషాలు దాటితే జాగ్రత్త పడాలి. గడియారం బొమ్మ గీయించడం, పెల్లీ రాబ్సన్ చార్టు, తల తిప్పి వెనక చూడగలగడం కూడా చూడాలి. వీటన్నిటికంటే నమ్మదగినది రోడ్డు మీద పరీక్ష. పట్టణాల్లో డ్రైవింగ్ స్కూళ్ళ దగ్గర శిక్షకుడి వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉన్న కారు దొరుకుతుంది. మందు పట్టిన వేళ ముప్పావు గంట, ఎదుటి ట్రాఫిక్‌ను దాటే కుడి మలుపులు, యూటర్న్, రౌండ్‌అబౌట్ ఉన్న దారిలో నడిపించాలి. శిక్షకుడు ఎన్నిసార్లు తన బ్రేకు తొక్కాల్సి వచ్చిందో అదే ఫలితం. ఒక్కసారి తొక్కినా సీరియస్‌గా తీసుకోవాలి. కొడుకో కూతురో పక్కన కూర్చుంటే పరీక్ష పోట్లాటగా మారుతుంది, బయటివారు చెబితే మాట చెల్లుతుంది. ఆరు నెలలకోసారి, మందు మారితే అంతకు ముందే మళ్ళీ చూడాలి.

చట్టం ఈ పని మన తరఫున చేయదు. లైసెన్సు దరఖాస్తుతో ఇచ్చే ఫారం 1లో పార్కిన్సన్స్ అన్న పేరు లేదు. చేతులు కాళ్ళ కదలికలో, పట్టులో, కండరాల బలంలో లోపముందా, ప్రజలకు ప్రమాదం తెచ్చే ఇతర జబ్బు ఉందా అన్న ప్రశ్నలున్నాయి. వాటికి నిజం రాయాల్సింది దరఖాస్తుదారే. 2019 సవరణ ప్రకారం 55 దాటినవారికి లైసెన్సు 5 ఏళ్ళకు ఇస్తారు. ఈ జబ్బులో 5 ఏళ్ళంటే మనిషే మారిపోయేంత కాలం. శారీరకంగా నడపలేని స్థితిలో ఉన్నానని తెలిసీ నడిపితే మోటారు వాహనాల చట్టం 186వ సెక్షన్ కింద తొలిసారి 1,000, మళ్ళీ చేస్తే 2,000 రూపాయల దాకా జరిమానా. బ్రిటన్‌లో ఉన్న తెలుగువారి పరిస్థితి వేరు. అక్కడ జబ్బు తేలగానే లైసెన్సులు ఇచ్చే సంస్థ డీవీఎల్‌ఏకు తెలియజేయాలి, దాస్తే 1,000 పౌండ్ల దాకా జరిమానా. వైద్య సమాచారం చూసి 1, 2, 3 లేదా 5 ఏళ్ళకు లైసెన్సు ఇస్తారు. చెప్పినంత మాత్రాన లైసెన్సు పోదు.

బస్సు, లారీ నడిపి బతికేవారికి ఈ చర్చంతా కూటి ప్రశ్న. భయంతో జబ్బు దాచి స్టీరింగ్ పట్టుకునే పరిస్థితి వారికి రాకూడదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ ఉంది. ఆ చట్టం 20వ సెక్షన్ ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పనికి పనికిరాకపోతే అదే జీతం స్కేలుతో వేరే పోస్టుకు మార్చాలి, పోస్టు లేకపోతే దొరికేదాకా లేదా పదవీ విరమణ వయసుదాకా అదనపు పోస్టులో ఉంచాలి. వర్ణాంధత్వం కారణంగా తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్‌ను ఇంటికి పంపిన కేసులో 2025లో సుప్రీంకోర్టు, ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాల్సిందేనని చెప్పింది. ఆర్టీసీ డ్రైవర్‌కు పార్కిన్సన్స్ తేలితే మొదట చేయాల్సింది ప్రభుత్వ ఆసుపత్రిలో వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు. స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం పెట్టమని ఎవరన్నా, ఆ ధ్రువపత్రం చేతికి వచ్చేదాకా పెట్టకూడదు. ప్రైవేటు లారీ డ్రైవర్‌కు ఈ రక్షణ లేదు. అతనికి లోడింగ్ లెక్కలు చూసే పనో, షెడ్డులో పనో యజమానితో మాట్లాడుకోవడానికి తొలి రెండేళ్ళే, ఒళ్ళు ఇంకా మాట వింటున్న కాలమే అనువైన వేళ.